రిజిస్టరులో తాత పేరు

మా ఇళ్ళలో వంశవృక్షాలు ఉండవు. పెద్దవాళ్ళను కూచోబెట్టి అడిగితే తాత పేరు చెబుతారు, ముత్తాత పేరు తడుముకుంటూ చెబుతారు. ఆ పైన అడిగితే "గాడిదలు తోలుకుని ఊళ్ళు తిరిగినోళ్ళు" అని ఊరుకుంటారు. సాతుపాడి, కావడి, మానుపాడి, మేంద్రగుత్తి అన్న తెగల పేర్లు తెలుసు. ఎవరి పిల్లను ఎవరు చేసుకోవచ్చో తెలుసు. కానీ మనిషి పేరు, ఊరు పేరు, కాలం అడిగితే చేతులు ఖాళీ.

అందుకే మేము కొందరం ఎరుకల కుటుంబాల వాళ్ళం కలిసి మా పాత తరాల పేర్లు రాసిపెట్టాలని అనుకున్నాం. ఎక్కడ వెతకాలి అన్నదే మొదటి చిక్కు. పొలం లేదు కాబట్టి అడంగల్లో మా వాళ్ళ పేర్లు లేవు. గుడి కట్టించలేదు కాబట్టి శాసనాల్లో లేవు. బడికి పోలేదు కాబట్టి బడి హాజరుపట్టీలో లేవు. పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటి మీద మచ్చలు, పది వేళ్ళ ముద్రలు, ఇవన్నీ వరసగా రాసిపెట్టింది ఒక్క చోటే. నేరస్త తెగల రిజిస్టరులో. మాకు వంశవృక్షం లేదనుకున్నాం. ఉంది. దాన్ని రాసింది పోలీసులు.

మా కులం పేరులోనే ఎరుక ఉంది. బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగి, అరచేయి చూసి, పుల్ల ఆనించి ఎరుక చెప్పిన ఆడవాళ్ళ మనవళ్ళం మేము. లోకానికి ఎరుక చెప్పిన వాళ్ళకు తమ తాత గురించి ఎరుక కావాలంటే పోలీసు కాయితం తిరగెయ్యాలి. ఆ కాయితం తిరగెయ్యటం మంచిదా? తిరగేస్తే కనపడిన దాన్ని ఏం చెయ్యాలి? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఈ రెండే.

ముందు ఆ రిజిస్టరు సంగతి చెప్పాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం చేసింది. మొదట అది ఉత్తరాది ప్రాంతాల్లో అమలైంది. 1911లో తిరగరాసిన తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1924లో మళ్ళీ దాన్ని కూర్చారు. ఫలానా తెగ నేరస్త తెగ అని ప్రభుత్వం ఒక ప్రకటన చేస్తే చాలు. ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగటానికి వీల్లేదు. తెగలో పుట్టినవాడు రిజిస్టరుకు ఎక్కుతాడు. ఊరు దాటాలంటే పాసు కావాలి. రాత్రిపూట హాజరు చెప్పుకోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచటానికి కూడా చట్టంలో చోటుంది. కొన్ని నేరాలకు రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గని జైలు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. ప్రత్యేక కారణం చూపిస్తే తప్ప జడ్జీ దాన్ని తగ్గించటానికి లేదు. అదే దొంగతనం వేరే కులంవాడు చేస్తే శిక్ష వేరు.

వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు అని అప్పటి దొరలు వాదించారు. ఈ దేశంలో కులం ఎట్లా నడుస్తుందో చూసి, నేరాన్ని కూడా ఒక కులవృత్తి కింద లెక్కకట్టారు.

మరి అంతకుముందు మా వాళ్ళు ఏం చేసేవాళ్ళు? ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచెపురి ఎరుకల, ఈ పేర్లే చెబుతాయి. ఒకళ్ళు ఉప్పు మోశారు, ఒకళ్ళు కరివేపాకు అమ్మారు, ఒకళ్ళు వెదురు దబ్బలు చీల్చి తట్టలు, బుట్టలు అల్లారు, ఒకళ్ళు సాలెవాళ్ళకు కుంచెలు కట్టి ఇచ్చారు. సముద్రపొడ్డున ఉప్పు ఎత్తుకుని గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు తోలటం, అక్కడి గింజలు తెచ్చి ఇక్కడ అమ్మటం పెద్ద జీవనం. రైలు వచ్చాక ఉప్పు రైలెక్కింది. ప్రభుత్వం ఉప్పు మీద పట్టు బిగించింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు కొయ్యటానికి, పశువులు మేపటానికి అడ్డం వచ్చింది. ఈ నడుమనే 1876-78 నాటి ధాత కరువు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతులను కాయితాలతో సహా వివరించారు. తిరిగి బతికేవాడికి తిరిగే పని పోయింది. తిరుగుడు మాత్రం మిగిలింది. పని లేని తిరుగుడు దొరల కంటికి అనుమానంగా కనపడింది.

ఆ తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల, చీరాల నడుమ స్టువర్టుపురం. కృష్ణ ఒడ్డున సీతానగరం. నెల్లూరు వైపు కావలి, కప్పరాళ్ళతిప్ప. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ దొర పేరు మీద వచ్చింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు నడిపారు. సీతానగరంలో రాళ్ళు కొట్టించారు. స్టువర్టుపురం వాళ్ళు చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలికి పోయారు. అక్కడే నాలుగు అక్షరాలు వచ్చాయని, అక్కడే సొంత ఇల్లన్నది చూశామని చెప్పే పెద్దలు మాలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మాటను మేము కొట్టిపారెయ్యం. కానీ కంచె కంచే. బడి ఉన్నంత మాత్రాన అది కంచె కాకుండా పోదు.

ఇంతవరకు రాయటం మాకు సులువైంది. ఇది మాకు జరిగిన అన్యాయం. ఇది చెప్పేటప్పుడు మా గొంతు తడబడదు. తడబాటు దీని తర్వాత మొదలైంది.

పేర్లు పోగుచేసే పనిలో మేము ఎనభై అయిదేళ్ళు దాటిన ఒక అవ్వ దగ్గరికి వెళ్ళాం. సెటిల్‌మెంటులో పుట్టిన మనిషి. పొద్దుపోయాక గంట కొడితే వాళ్ళ నాయన లేచి హాజరుకు వెళ్ళటం ఆమెకు గుర్తుంది. మేము రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాం. మా వాళ్ళు ఏ పాపం ఎరగరని, ఉప్పు మోసుకుని బతికే అమాయకుల మీద దొరలు దొంగలన్న ముద్ర వేశారని అందులో ఉంది. అవ్వ అంతా విని, నోట్లో పొగాకు పక్కకు ఊసి, ఇట్లా అంది:

"అంతా బాగానే రాశారు గానీ నాయనా, మా నాయన దొంగతనం చెయ్యలేదని మటుకు రాయబాకండి. చేశాడు. రెండుసార్లు నేను కళ్ళారా చూశా. ఆయన తెచ్చిన బియ్యం తినే నేను బతికింది. మీరు లేదని రాస్తే, ఆయన పడ్డ దెబ్బలు కూడా లేనట్టే గదా."

మేము కలం పక్కన పెట్టాం. ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు.

ఆ మాట మమ్మల్ని ఎందుకు అంత కలవరపెట్టిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మేము కోరుకున్నది తాతలు కాదు, సాక్షులు. చట్టం తప్పని నిరూపించటానికి మాకు మచ్చలేని మనుషులు కావాలి. మచ్చ ఉన్న మనిషిని మేము కూడా పక్కన పెట్టాలని చూశాం. దొరలు "అందరూ దొంగలే" అన్నారు. మేము "ఒక్కడూ దొంగ కాదు" అనబోయాం. రెండు మాటల్లోనూ మనిషి లేడు. తెగ ఒక్కటే ఉంది.

అసలు ఆ చట్టం తప్పని చెప్పటానికి మా తాతలంతా మంచివాళ్ళు కానక్కరలేదు. వెయ్యి మందిలో తొమ్మిది వందల మంది దొంగతనం చేసి ఉన్నా, మిగిలిన వంద మందిని పుట్టుక చూసి రిజిస్టరుకు ఎక్కించటం తప్పే. ఆ తొమ్మిది వందల మందిని కూడా ఎవరు చేసిందానికి వాళ్ళను అడగాలి తప్ప, వాళ్ళ కడుపున పుట్టబోయే వాళ్ళను కలిపి అడగటం తప్పే. ఈ సంగతి మాకు అర్థమైన తర్వాత నిజం చెప్పటానికి భయం కొంత తగ్గింది. మా వాదం తాతల మంచితనం మీద నిలబడితే, ఒక్క తాత దొంగ అని తేలినా అది కూలిపోతుంది. నేరం ఒంటితో పుట్టదు అన్న దాని మీద నిలబడితే అది కూలదు.

మరి దొంగతనం చేసిన తాతను ఎట్లా చూడాలి? ఇక్కడ మాలో కొందరు కుర్రవాళ్ళు ఇంకో దారి పట్టారు. ఉన్నవాడి దగ్గర దోచి లేనివాడికి పెట్టాడు, మా తాత వీరుడు అన్నారు. స్టువర్టుపురం పేరు పెట్టి 1991లో ఒక సినిమా వచ్చింది. అక్కడి ఒక గజదొంగ జీవితం మీద 2023లో ఇంకో పెద్ద సినిమా వచ్చింది. తెర మీద దూకుతున్న మనిషిని చూసి ఈలలు వేసే పిల్లలను మేము తప్పుపట్టం. ఊళ్ళో తలవంచుకున్న పిల్లవాడికి మూడు గంటల సేపు తల ఎత్తుకునే వీలు దొరికింది. కానీ ఈల వేసి బయటికి వచ్చాక ఏమైంది? తెర మీద మేము మళ్ళీ దొంగలమే. పాత ముద్రకు జరీ అంచు వేశారు, అంతే. తట్టలు అల్లి పదిమంది పిల్లలను పెంచిన తాత మీద సినిమా రాలేదు. రాళ్ళు కొట్టి కన్ను పోగొట్టుకున్న తాత మీద రాలేదు.

వీరుడు అనే మాటకు ఇంకో అడ్డం కూడా ఉంది. దాన్ని మాకు చూపించింది మా పుస్తకాలు చదివే ఒక రిటైరైన మాస్టారు. ఆయన చేనేత కుటుంబంలో పుట్టారు. వాళ్ళ నాయనమ్మ కాలంలో ఒక రాత్రి మగ్గం మీద సగం నేసిన చీరను ఎవరో కోసుకుపోయారట. నూలు ఆసామిది. చీర పోయిన సంగతి ఆసామికి అనవసరం. ఆ నూలు ఖరీదు నెలల తరబడి కూలిలో విరగ్గోసుకున్నాడు. ఆ నెలల్లో ఆ ఇంట్లో ఒంటిపూట తిండి. "ఎరుకలోళ్ళే చేశారని మా నాయనమ్మ చచ్చిపోయేదాకా అనేది. మీ వాళ్ళు చేశారో లేదో నాకు తెలియదు. చీర పోవటం మాత్రం నిజం" అని మాస్టారు మెల్లిగా చెప్పారు.

ఎవరు చేశారో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో చుట్టుపక్కల సూది పోయినా మా పేరే చెప్పేవాళ్ళు. మా పేరు చాటున వేరేవాళ్ళు చేసిన దొంగతనాలు ఎన్నో. కాబట్టి "మేము కాదు" అని మేము మాస్టారికి గట్టిగా చెప్పవచ్చు. కానీ అవ్వ మాట విన్న తర్వాత అంత గట్టిగా చెప్పటానికి నోరు రాలేదు. అవ్వ బతికిన బియ్యం ఎవరింటివి? దొర ఇంటివి కావు. దొర బంగళాకు కాపలా ఉంటుంది. తలుపుకు గట్టి గడియ లేని ఇంట్లోనే దొంగ సులువుగా దూరేది. ఆ ఇల్లు చాలాసార్లు ఇంకో పేదవాడి ఇల్లు.

మేము ఇక్కడ రెండు లెక్కలు వేరు చేసుకున్నాం. ప్రభుత్వం మా తాతకు చేసింది ఒక లెక్క. మా తాత ఆ నేతగత్తెకు చేసింది, చేసి ఉంటే, ఇంకో లెక్క. మొదటి లెక్కలో మాకు రావలసింది కొండంత ఉంది. దాన్ని తెచ్చి రెండో లెక్కలో జమ వేసుకుని చెల్లు అనుకోలేం. ఆమెకు మా మీద చట్టం చేసే అధికారం లేదు. ఆమె పోగొట్టుకున్న చీర ఉప్పు చట్టానికి బదులు కాదు. ఆకలి దొంగతనానికి కారణం అవుతుంది. కారణం తెలిస్తే మనిషి మీద కోపం పోతుంది. కానీ పోయిన చీర తిరిగి మగ్గానికి రాదు.

అయితే రెండో లెక్క మేము ఎవరికి కట్టాలి, ఎట్లా కట్టాలి? ఆ నాయనమ్మ లేదు. మా తాత లేడు. ఆయన తప్పును మేము చెయ్యలేదు కాబట్టి క్షమాపణ అడిగే హక్కు కూడా మాకు పూర్తిగా లేదు. మాస్టారు అడిగింది అది కాదు. తమ ఇంట్లో జరిగింది మా చరిత్రలో ఒక వాక్యంగానైనా ఉండాలని కోరారు. ఆ వాక్యం మేము రాస్తున్నాం. ఆ ఇంట్లో చీర పోయింది. ఆ నెలల్లో వాళ్ళు ఒంటిపూట తిన్నారు.

ఈ చిక్కు మాకొక్కరికే ఉందా అని చూస్తే ఆస్ట్రేలియా సంగతి కనపడింది. 1788 నుంచి 1868 దాకా ఇంగ్లండు ప్రభుత్వం లక్షా అరవై వేల మందికి పైగా ఖైదీలను ఓడల్లో ఎక్కించి అక్కడ దించింది. చిన్న చిన్న దొంగతనాలకు శిక్ష పడినవాళ్ళు వాళ్ళలో చాలామంది. వాళ్ళ మనవళ్ళు చాలాకాలం ఆ సంగతి దాచుకున్నారు. తాత ఖైదీ అంటే పిల్లకు సంబంధం రాదన్నంత భయం. ఇప్పుడు అక్కడ తాత ఖైదీ అని కాయితాల్లో దొరికితే పండగ చేసుకుంటారు. ఓడ పేరుతో సహా గోడకు తగిలించుకుంటారు. ఒకప్పటి మచ్చ ఇప్పుడు పతకమైంది.

ఇది చదివి మొదట మాకు ఆశ పుట్టింది. తర్వాత తేడాలు కనపడ్డాయి. ఆ ఖైదీకి కోర్టులో పేరు పిలిచి శిక్ష వేశారు. ఇన్నేళ్ళు అని గడువు పెట్టారు. గడువు తీరితే వదిలారు. అతని కడుపున పుట్టిన బిడ్డ ఖైదీ కాదు. మా వాళ్ళకు కోర్టు లేదు, గడువు లేదు, మా బిడ్డ పుట్టుకతోనే లెక్కకు వచ్చాడు. పైగా అక్కడ ఖైదీల పిల్లలకు భూమి దొరికింది, ఓటు దొరికింది, దేశమే వాళ్ళదైంది. చేతిలో బలం వచ్చాక పాత మచ్చ ముచ్చటైన కథ అవుతుంది. మాకు ఆ బలం ఇంకా రాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ భూమి అక్కడి ఆదివాసులది. దెబ్బ తిన్నవాడి పిల్లలే ఇంకొకరి నేలను ఆక్రమించి నిలబడ్డారు. అన్యాయానికి గురైనంత మాత్రాన మనిషికి పుణ్యం అంటుకోదని అది చూశాక మాకు తెలిసింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పెద్దల నుంచి మనకు ఏం వస్తుంది? నేరం రాదు అని మేము ఇంతసేపు చెప్పాం. అదే నోటితో గౌరవం వస్తుంది అనవచ్చా? తాత దొంగ అయితే నాకేం సంబంధం అని, తాత ఉద్యమంలో ఉన్నాడంటే మాత్రం ఛాతీ విరుచుకుంటే అది న్యాయంగా ఉండదు. ఒక చేతి తూకం రెండో చేతికి కూడా ఉండాలి. తప్పు పుట్టుకతో రాదు, గొప్పతనం కూడా పుట్టుకతో రాదు. ఈ మాటలో మొదటి సగం మాకు ఉపకారం చేస్తుంది. రెండో సగం ఈ దేశంలో పైకులాలను అడగవలసిన ప్రశ్న అడుగుతుంది. కానీ రెండో సగం మమ్మల్ని కూడా అడుగుతుంది.

నేరం రాకపోయినా కొన్ని వస్తాయి. భూమి వస్తుంది, అప్పు వస్తుంది, ఇంటిపేరు వస్తుంది, భయం వస్తుంది. తాతలు ఎవరి నేలనో కలుపుకుని ఉంటే ఆ పాపం మనవడిది కాదు, కానీ ఆ నేల ఇప్పుడు మనవడి చేతిలో ఉంది. దాని గురించి అడిగితే అతను జవాబు చెప్పాలి. మా తాత తెచ్చిన బియ్యం ఆ పూటే అయిపోయాయి. మాకు మిగిలింది మాట ఒక్కటే. ఎవరింట్లో ఏం పోయినా ముందు మా గుడిసె వైపు చూసే చూపు ఒక్కటే. జమీందారు మనవడిని మీ తాత ఏం చేశాడని ఎవరూ అడగరు. మమ్మల్ని అడగకుండానే తీర్పు చెబుతారు. అట్లా అని అతని తాతను చూపించి అతన్ని తిట్టటానికి మేము పూనుకుంటే, మా మీద చేసిన చట్టాన్నే మేము ఇంకొకరి మీద చేసినట్టు. చేతిలో ఉన్నదాని గురించి అడుగుదాం. నెత్తుటి గురించి అడగవద్దు.

ఆ చూపు చట్టంతో పాటు పోలేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న నేరస్త తెగల చట్టం రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటాం. కానీ మద్రాసులో 1948కే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అట్లాంటిదే చేశారు. తెగ పేరు తీసి అలవాటు అన్న మాట పెట్టారు. ఆ అలవాటు ఎవరిదో పోలీసులకు ముందే తెలుసు. 1998లో బెంగాల్‌లోని పురూలియాలో బుధన్ శబర్ అనే మనిషి పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన తెగ కూడా ఒకప్పుడు ఆ రిజిస్టరుకు ఎక్కిన తెగే. విముక్త జాతుల వాళ్ళను అలవాటు నేరస్తులుగా చూసే జైలు నియమాలు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరు 3న. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు.

కాబట్టి పాత కాయితం తిరగెయ్యటం మాకు కాలక్షేపం కాదు. అందులో కనపడిన పేరు ఈరోజు ఒక ఇంటి మీద పడుతుంది. మేము పోగుచేసిన వాటిలో ఒక ముత్తాత పేరు ఉంది. మూడుసార్లు శిక్ష పడిన మనిషి. ఆయన గురించి చెప్పిన వివరాలు కూడా మంచి వివరాలు, రాస్తే చదివేవాళ్ళు మరిచిపోరు. ఆ ఇంటి కుర్రవాడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. అతని నాయన మా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీకు పుస్తకం అన్నా, మా వాడికి ఉద్యోగం. రేపు ఎంక్వయిరీకి వచ్చినోడు మీ పుస్తకం చూపిస్తే నేనేం చెప్పాలి?" అన్నాడు.

చరిత్ర గొప్పదని మేము అతనికి పాఠం చెప్పలేదు. చెప్పటానికి మాకు మొహం లేదు. అదే ఇంట్లో కుర్రవాడు మాత్రం "పెట్టండి. నేను పోలీసునయ్యాక ఆ పేరు నేనే చదువుతా" అన్నాడు. నాయన మాట వినాలా, కొడుకు మాట వినాలా? చచ్చిపోయిన ముత్తాతను ఎవరు అడగగలరు? ఆయన వేలిముద్ర ఒకసారి ఆయనను అడగకుండా తీసుకున్నారు. ఆయన పేరు రెండోసారి ఆయనను అడగకుండా మేము తీసుకోవాలా?

చాలా రోజులు వాదించుకుని ఒక కట్టుబాటు చేసుకున్నాం. బతికున్న కుటుంబం వద్దంటే పుస్తకంలో పేరు వెయ్యం. ఒక ఇంట్లో ఇద్దరు ఒప్పుకుని ఒకరు వద్దన్నా వెయ్యం. కానీ ఏ పేరునూ చింపెయ్యం. మేము తెలుసుకున్నది ఆ ఇంటికే అప్పజెబుతాం, మంచీ చెడూ కలిపి, ఏదీ తగ్గించకుండా. పెద్దవాళ్ళు పిల్లలకు ఇంట్లో కూచోబెట్టి చెప్పాలని అడుగుతాం. ఊరివాళ్ళ నోట, బళ్ళో తోటి పిల్లల నోట, సినిమాలో వినేకన్నా ముందు మన నోట వినాలి. "మీ తాత దొంగ" అని ఎవరైనా అన్నప్పుడు "అవును, ఎందుకో నీకు చెప్పనా" అనగలిగిన పిల్లవాడిని ఆ మాట పొడవలేదు. "కాదు" అని ఏడ్చే పిల్లవాడిని పొడుస్తుంది.

ఈ కట్టుబాటు అన్నిటికీ సరిపోతుందని మేము అనటం లేదు. ఆ ముత్తాత పేరు ఈ పుస్తకంలో లేదు. ఉండవలసింది అని మాలో సగం మందికి ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరిగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అవ్వ చెప్పింది పుస్తకంలో వేసుకోవటానికి ఆమె అనుమతి కావాలి గదా అని, మేము ఒక కాయితం తయారుచేసి తీసుకువెళ్ళాం. పెద్ద ఆఫీసుల్లో చేసినట్టు పద్ధతిగా చెయ్యాలని మా ఆశ. కాయితం చదివి వినిపించి, సంతకం రాదు కాబట్టి ఇంకు డబ్బా తెరిచి, వేలిముద్ర వెయ్యమని అవ్వ ముందు పెట్టాం. అవ్వ ఆ డబ్బా వైపు చూసింది. చెయ్యి ఒళ్ళోకి లాక్కుని కొంగు కింద పెట్టుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు.

మాకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో డబ్బా మూసేశాం.

"నేను చెప్పాను, మీరు విన్నారు. మాట చాలదా నాయనా" అంది అవ్వ.

చాలు అన్నాం. ఆ మాట మీదనే ఆమె చెప్పింది ఇక్కడ రాశాం. పేరు మాత్రం రాయలేదు. అది ఆమె ఇంట్లో ఉంది.